వాన రాని అర్ర

బెల్లంపల్లిలో వాన రాబోతున్న సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసేది. ఇంకా చినుకు పడకముందే, గాలి బరువెక్కగానే, నా ఛాతీలో సన్నగా పిల్లికూత మొదలయ్యేది. అవ్వ బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టి నా దిక్కు చూసేది. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం.

"మొదలైందా బిడ్డా?"

నేను తల ఊపేదాన్ని. మాట్లాడటానికి ఊపిరి చాలేది కాదు.

పుస్తకాల్లో ఉబ్బసం అని రాసే జబ్బును మా దగ్గర దమ్ము అంటారు. ఎండాకాలమంతా నేను మిగతా పిల్లల్లాగే ఉండేదాన్ని. గనికార్మికుల క్వార్టర్ల సందుల్లో దుమ్ము కొట్టుకుపోయేలా ఆడేదాన్ని. మృగశిర కార్తె వచ్చిందంటే మాత్రం మంచం ఎక్కేదాన్ని. పడుకుంటే ఊపిరాడక, గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. అవ్వ నా వీపు రాస్తూ అలాగే కునుకు తీసేది.

మాది కంపెనీ క్వార్టరు. రెండు అర్రలు, ఒక వంటిల్లు, వెనక చిన్న పెరడు. వానాకాలంలో గోడలకు నేల నుంచి చెమ్మ ఎక్కేది. వేసిన సున్నం పొక్కులు లేచి పెళ్లలుగా రాలేది. ట్రంకుపెట్టెలో బట్టలు ముక్కిపోయేవి. వారం రోజులు తొడగకపోతే బాపు చెప్పుల మీద తెల్లటి బూజు నూగులా మొలిచేది. ఆ ఇంట్లో పొడిగా ఉండేది పొయ్యి ఒక్కటే.

గని ఆసుపత్రి డాక్టరు నా వీపు మీద గొట్టం పెట్టి విని, బాపుతో అన్నాడు: "ఈ పిల్లకు చెమ్మ పడదు. ఆ బూజు అసలే పడదు. వానాకాలం నాలుగు నెలలు ఎక్కడన్నా పొడి జాగాలో ఉంచు."

బయటికొచ్చాక అవ్వ నవ్విందో ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. ఆమె పుట్టిల్లు మెట్‌పల్లి. మగ్గాల ఇల్లు. మాకు పోగలిగిన చోటు అదొక్కటే.

"మా ఇంట్లనైతే ఇంకా తడి" అన్నది. "నూలు తెగొద్దని మా బాపు మగ్గం చుట్టూ నీళ్లు జల్లుతడు. తడి గోనెలు కడ్తడు. గాడ పెడ్తె ఈ పిల్ల బతుకుతదా?"

"గాడికెందుకు" అన్నాడు బాపు. "జర ఆగు. ఏమన్న జేద్దాం."

బాపు గనిలోకి దిగేవాడు కాదు. బొగ్గును పరీక్ష చేసే గదిలో పనిచేసేవాడు. గని నుంచి వచ్చిన బొగ్గును నూరి, చిన్న చిన్న గిన్నెల్లో పోసి, కొలిమిలాంటి ఇనుప పెట్టెలో ఎండబెట్టడం ఆయన పని. బొగ్గులో ఎంత తడి ఉందో కెమిస్టు తూచి చెప్పేవాడు. ఎండిన బొగ్గును అలాగే బల్ల మీద వదిలేస్తే గాలిలోని తడిని మళ్లీ తాగేస్తుంది. అందుకని వేడి వేడి గిన్నెల్ని మూత గట్టిగా పట్టే మందపాటి గాజు జాడీలో దించేవారు. ఆ జాడీ అడుగున నీలం రంగు గింజలుండేవి. చూడ్డానికి పటికముక్కల్లా ఉండే ఆ గింజలు లోపలి గాలిలో తడినంతా పీల్చుకునేవి. పీల్చుకుని పీల్చుకుని గులాబీ రంగుకు తిరిగేవి. మళ్లీ వేడి చేస్తే నీళ్లు వదిలేసి నీలం అయ్యేవి.

రోజూ ఆ జాడీ మూత తెరిచి మూసే మనిషికి, కూతుర్ని కూడా అలాంటి దాంట్లో పెట్టాలని తోచడంలో ఆశ్చర్యం లేదు.

కానీ అంత సులువుగా జరగలేదు. మొదటి ఏడు ఆయన నా అర్రలో బొగ్గుల కుంపటి పెట్టాడు. గోడలు ఎండాయి గాని ఆ పొగకు నాకు ప్రాణం మీదికొచ్చింది. తర్వాత బట్టీ నుంచి అప్పుడే కాల్చిన సున్నపు గడ్డలు తెచ్చి మట్టి మూకుళ్లలో మూలమూలకూ పెట్టాడు. అవి తడి పీల్చుకున్నాయి నిజమే. పీల్చుకుని వేడెక్కి, పగిలి, పిండైపోయాయి. అవ్వ చీర కొంగు తగిలినా ఆ పిండి లేచేది. నేను ఇంకా దగ్గేదాన్ని. ఆ తర్వాత కెమిస్టు పాత సీసాల్లో మిగిలిపోయిన ఒక తెల్లటి ఉప్పు ఇచ్చాడు. రాత్రి పళ్లెంలో పెడితే తెల్లారేసరికి పళ్లెం నిండా నీళ్లు! గాలిలోంచి అన్ని నీళ్లు వచ్చాయని చూసి మేము నోళ్లు తెరిచాము. అవ్వ ఆ నీళ్లు తీసుకుపోయి పెరట్లో బచ్చలి పాదులో పోసింది. రెండు రోజుల్లో తీగ మొత్తం మాడిపోయింది.

"నీ ఇకమతులకు నా బచ్చలి సచ్చె" అని అవ్వ బాపు మీద చాలా రోజులు కోపంగా ఉంది. ఆ ఉప్పు కూడా అయిపోయింది. కొనాలంటే మాలాంటి వాళ్లకు దొరికేది కాదు.

అరవై రెండులోనో అరవై మూడులోనో గనికి కొత్త యంత్రాలు వచ్చాయి. సముద్రం దాటి వచ్చాయి గనుక తుప్పు పట్టకుండా పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో, మైనపు గుడ్డల్లో చుట్టి పంపారు. ఆ పెట్టెల్లో యంత్రాల చుట్టూ గుడ్డసంచులు కట్టి ఉన్నాయట. విప్పిన కూలీలు వాటిని ఇసుక సంచులనుకుని గోదాము వెనక కుప్పపోశారు. బాపు అటుగా పోతూ, చినిగిన ఒక సంచిలోంచి రాలిన గింజల్ని చేతిలోకి తీసుకుని చూశాడు. రంగు తెలుపు. కానీ నాలుక మీద పెట్టుకుంటే అతుక్కుపోయింది. తన జాడీలోని గింజల చుట్టాలేనని ఆయనకు అర్థమైంది. కెమిస్టుకు చూపిస్తే అవునన్నాడు. ఆ నీలం రంగు తడిపొడులు తెలియడానికి కలిపేదేననీ, పనిచేసేది గింజేననీ చెప్పాడు. గోదాము అధికారిని అడిగితే, చెత్త ఎత్తేవాడు దొరికాడన్నట్టు సంతోషంగా తీసుకుపొమ్మన్నాడు.

బాపు ఆ సంచుల్ని సైకిలు వెనక కట్టుకుని ఎన్నో సాయంత్రాలు మోశాడు. మా వాడకట్టు వాళ్లు ఇసుకతో ఏం కడుతున్నావని నవ్వారు.

ఆ వానాకాలానికి నా అర్ర తయారైంది. కిటికీ రెక్కలు తీసేసి ఒకే అద్దం బిగించాడు. సందుల్లో దూది కుక్కి మైనం పూశాడు. తలుపుకు లోపలి వైపు మైనపు గుడ్డ వేలాడదీశాడు. గోడకు చిన్న కంత చేసి అక్కడ ఒక చెక్కపెట్టె అమర్చాడు. పెట్టెలో అరలు, అరల్లో గింజల సంచులు. పెట్టె వెనక, కెమిస్టు పడేసిన పాత టేబుల్ ఫ్యాను. అది గరగరమంటూ బయటి గాలిని సంచుల మధ్యగా లోపలికి నెట్టేది. బయట ఎంత ముసురైనా, నా దగ్గరికొచ్చే గాలి ఆ సంచుల్లో తన నీళ్లు వదిలేసి రావలసిందే.

సంచులు తడిని తాగి బరువెక్కితే అవ్వ పని మొదలయ్యేది. గింజల్ని పెద్ద రేకు మీద పోసి, పెరట్లో బొగ్గుల పొయ్యి మీద వేయించేది. పల్లీలు వేయించినట్టు గరిటెతో తిప్పుతూ ఉండేది. ఆవిరి లేచేది. అసలు సంచులు మాడి చిరిగిపోతే, మెట్‌పల్లి నుంచి తాత నేసిన ముతక గుడ్డ తెప్పించి కొత్తవి కుట్టింది. గింజ రాలకుండా, గాలి ఆగకుండా ఉండే నేత అది. కుడుతూ కుడుతూ ఒకసారి తనలో తానే నవ్వుకుంది.

"మా తల్లిగారింట్ల గాలిల తడి లేదని ఏడుస్తరు. ఈడ గాలిల కెల్లి నీళ్లు పిండుతున్నం."

నా మంచం పక్కన గాజు గ్లాసులో బాపు కొన్ని నీలం గింజలు పోసి పెట్టాడు. అవి నీలంగా ఉన్నంతసేపు అర్ర పొడిగా ఉన్నట్టు. రంగు తిరిగితే నేను గోడ మీద తట్టి అవ్వను పిలవాలి.

ఆ ఏడు నేను వానాకాలంలో పడుకుని నిద్రపోయాను. చెప్పడానికి చిన్నమాటే. మొదటిసారి నేను వెల్లకిలా పడుకుని గురక లేకుండా నిద్రపోతుంటే, అవ్వ భయపడి నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసిందట. ఆ గదిలో గాలి ఉగాది మధ్యాహ్నంలా ఉండేది. పెదవులు పగిలితే వెన్న రాసుకునేదాన్ని. మా అవ్వ అప్పడాలు, ఉప్పుజాడీ, అగ్గిపెట్టెలు అన్నీ నా మంచం కిందికి చేరాయి. పక్కింటామె కూడా తన అగ్గిపెట్టెలు తెచ్చి దాచుకునేది. "మీ పిల్ల అర్రల పెడ్తె ఒక్క గీతకే అంటుకుంటున్నయ్" అని మెచ్చుకునేది.

అందరూ నాకు బాగైందని సంతోషపడ్డారు. నేనూ పడ్డాను. కానీ ఊపిరి కోసం తండ్లాట తగ్గాక నాకు ఇంకో తండ్లాట పట్టుకుంది. వాన కావాలనిపించేది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లోనే, అద్దానికి అవతల, వాన పడుతుండేది. నాకు దాని చప్పుడు కూడా సరిగా వినిపించేది కాదు, ఫ్యాను రొదలో. వాసన అసలే లేదు. తొలివాన పడ్డప్పుడు నేల నుంచి లేచే వాసన ఎట్లా ఉంటుందో గుర్తు తెచ్చుకోవడానికి కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. గుర్తొచ్చేది కాదు.

అప్పుడే ఒక పిల్ల నా కిటికీ దగ్గరికి రావడం మొదలుపెట్టింది.

మా ఎదురు వరసలో ఉండేవాళ్లు. చాందా వైపు నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి గనిలో దిగేవాడు. ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు. నా ఈడుదే. ఎండాకాలం మేమిద్దరం కలిసి ఆడుకునేవాళ్లమే, కాని నాకేం స్నేహితురాలు కాదు. పదిమందిలో ఒకతి. వానల్లో నేను కనబడకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చింది. తడిసి ముద్దై, అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూసింది.

"అగ! ఇంట్ల పెట్టి తాళమేసిన్రా నిన్ను?" అని అరిచింది.

"దమ్ము!" అని నేను ఛాతీ చూపించాను.

ఆ రోజు నుంచి వాన పడితే చాలు, వచ్చేది. నాకు వానను చెప్పడం తన పని అనుకుంది. కాగితం పడవల్ని మా గోడ వెంట పారే నీళ్లలో వదిలి, ఎంత దూరం పోయాయో ఉరికి చూసొచ్చి చెప్పేది. కప్పను పట్టుకొచ్చి దాని పొట్ట అద్దానికి ఆనించి చూపించేది. "బఘ్, బఘ్!" అనేది. చూడు చూడు అని. బయటి నుంచి అద్దం మీద ఊది, ఆ ఆవిరి మీద వేలితో చేప బొమ్మ గీసేది. నేనూ లోపలి నుంచి ఊదేదాన్ని. నా వైపు ఆవిరి నిలిచేది కాదు. ఊదిన క్షణంలోనే ఆరిపోయేది. నా వేలు అద్దం మీద ఊరికే జారేది. అది చూసి ఆమె నవ్వేది, తర్వాత నా వంతు బొమ్మ కూడా తనే గీసేది.

ఒకసారి నేను గట్టిగా అరిచి అడిగాను. "వాసన ఎట్లుంది?"

ఆమె ఆలోచించింది. చుట్టూ చూసింది. వంగి పిడికెడు తడిమట్టి తీసి మూసిన కిటికీకి పట్టింది. అద్దం అవతల నల్లటి మట్టి, వేళ్ల మధ్య నుంచి కారుతున్న నీళ్లు. నేను ఇవతల నుంచి ముక్కు పెట్టాను. అద్దం వాసన వచ్చింది.

"వచ్చిందా?" అని అడిగింది.

"రాలే" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. తప్పు తనదే అన్నట్టు మట్టిని అక్కడే గోడకు రాసేసి పోయింది.

అలా రెండు వానాకాలాలు గడిచాయి. రెండోదాని మధ్యలో ఒక ఆదివారం మధ్యాహ్నం, గట్టివాన పడుతుండగా, ఆమె కిటికీకి కాకుండా తలుపు దగ్గరికి వచ్చింది. గోదావరి ఒడ్డున కొత్త గనులు తెరుస్తున్నారు. కొన్ని కుటుంబాల్ని అక్కడికి పంపుతున్నారు. వాళ్ల సామాను లారీలోకి ఎక్కుతోంది. వెళ్లొస్తానని చెప్పడానికి వచ్చింది. మైనపు గుడ్డ వెనక నుంచి నాకు మాటలు వినిపిస్తున్నాయి.

"కిటికీల కెల్లి చెప్పిపో బిడ్డా" అంటోంది అవ్వ. "మొత్తం నానినవ్. గిట్ల లోపలికొస్తె దానికి దమ్ము లేస్తది."

"మౌసీ, ఒక్కసారి" అంటోంది ఆ పిల్ల. వానాకాలంలో ఆమె గొంతు నాకు అంత దగ్గరగా వినబడటం అదే మొదటిసారి.

బాపు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. లేచి, ఫ్యాను ఆపి, తలుపు దగ్గరికి వచ్చాడు. ఆ అర్ర కోసం అంత తిరిగిన మనిషి, వాన కారుతున్న పిల్లను లోపలికి రానివ్వడనుకుని, నేను గోడ మీద తట్టి అడగను కూడా లేదు.

"రానీ" అన్నాడు.

"ఏమంటున్నవ్?" అన్నది అవ్వ.

"పోతున్న పిల్ల. మల్ల ఎన్నడొస్తదో. రానీ, గింజలు మల్ల వేడి జేసుకుందాం."

ఆయనే మైనపు గుడ్డ ఎత్తి పట్టుకున్నాడు.

ఆమె లోపలికి వచ్చి, అర్ర మధ్యలో నిలబడి, చుట్టూ చూసింది. బయటి నుంచి చూసిన గదిలోకి వచ్చానని నమ్మలేనట్టు నిలబడింది. జడల నుంచి నీళ్లు గచ్చు మీద టపటపా పడుతున్నాయి. అవ్వ తువ్వాలు ఇచ్చింది గాని ఆమె అది చేతిలోనే పట్టుకుంది. వచ్చి నా మంచం మీద, నా పక్కన కూర్చుంది. అద్దం అడ్డున్నప్పుడు అరిచి అరిచి చెప్పుకున్నాం. అడ్డు లేకపోయేసరికి సిగ్గేసింది.

అప్పుడు ఆమె తలను నా ముఖం దగ్గరికి వంచింది.

"చూడు, వాసన" అన్నది.

ఆమె జుట్టులో మట్టి ఉంది, వేపాకు ఉంది, గూనపెంకుల మీది బొగ్గుమసి ఉంది, పచ్చి పచ్చి చల్లదనం ఉంది. నేను గుండె నిండా పీల్చాను. పిల్లికూత రాలేదు. వచ్చినా నేను విని ఉండను.

"ఇగ వచ్చిందా?"

"వచ్చింది."

కాసేపటికి ఆమె చూపు నా పక్కనున్న గ్లాసు మీద పడింది. పైన ఉన్న నీలం గింజలు ఊదారంగుకు తిరుగుతున్నాయి. "బఘ్! రంగు మారుతుంది!" అని గ్లాసు చేతిలోకి తీసుకుంది. తన గుప్పిట్లో నాలుగు గింజలు పోసుకుంది. తడిచేతిలో అవి చిట్లుతూ చిటపటమన్నాయి, ఆమె ఉలిక్కిపడి నవ్వింది. నేను దాని సంగతంతా చెప్పాను. గాలిలో వాన ఉంటే అవి గులాబీ అవుతాయని, ఇప్పుడు వాన అంటే తనేనని. ఆమెకు అది ఎంత నచ్చిందో! కదలకుండా కూర్చుని, అన్నీ గులాబీ అయ్యేదాకా పోనని అన్నది.

అన్నీ కాలేదు. సందు చివర లారీ హారను మోగింది. వాళ్లమ్మ కేక వేసింది. ఆమె లేచి, పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.

"సచ్చిపోకు" అన్నది నాతో. పిల్లలు అనే మాటే. చాలా మామూలుగా అన్నది. వానలోకి ఉరికింది.

సాయంత్రానికి గ్లాసులో ఒక్క నీలం గింజ లేదు. అవ్వ పెరట్లో పొయ్యి రాజేసింది. బాపు సంచులు విప్పి ఇచ్చాడు. నాకు ఆ రాత్రి కొంచెం, తర్వాత రెండు రోజులు కొంచెం దమ్ము వచ్చి తగ్గింది. భయపడినంత ఏమీ కాలేదు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంటే, బాపు రోజూ పని నుంచి వచ్చి చొక్కా మార్చుకుని నా దగ్గర కూర్చునేవాడు. బొగ్గు కబుర్లు చెప్పేవాడు. ఆ పిల్ల మాట మాత్రం ఎత్తేవాడు కాదు. నేనూ ఎత్తలేదు.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి నా జబ్బు దానంతటదే సన్నగిల్లింది. కొందరు పిల్లలకు అట్లా అవుతుందని డాక్టరు అన్నాడు. ఒక మృగశిరకు బాపు అద్దం చుట్టూ ఉన్న మైనం గీకి, దూది లాగేసి, కిటికీ తెరిచాడు. నేను పెరట్లోకి పోయి వానలో నిలబడ్డాను. అవ్వ ఇంట్లోంచి తిడుతూనే ఉంది. ఎన్నో ఏళ్లు కోరుకున్న వాన అది. తడుస్తూ నిలబడి, ఎవరికన్నా అరిచి చెప్పాలనిపించింది. ఎదురు క్వార్టరులో వేరేవాళ్లు ఉన్నారు.

నా మెట్రిక్ పరీక్షలయ్యాక, అరవై ఏడు అరవై ఎనిమిది ప్రాంతంలో, బాపుకు ఆ గోదావరి ఒడ్డు గనుల్లో ఏదో పని పడింది. నేనూ వస్తానన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. రైలు దిగి, తన పని చూసుకుని, మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని కొత్త క్వార్టర్లలో ఇల్లిల్లూ అడిగాడు. చాందా నుంచి వచ్చిన కుటుంబం, బెల్లంపల్లిలో ఉండివచ్చారు, ఒక ఆడపిల్ల. అట్లాంటి వాళ్లు చాలామందే ఉన్నారు. చివరికి ఒక వరస కొసన, గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ముసలామె తలెత్తింది. మంథని దగ్గరి పల్లె నుంచి కొడుకు వెంట వచ్చిందట.

"గా ఇల్లే" అని పక్కింటిని చూపించింది. "ఇప్పుడు లేరు. మొగాయినకు కాలిరిగింది, ఇగ గనిల దిగలేడాయె. మొన్నటి చలికాలం చాందాకే పోయిన్రు. మీరెవలు?"

"బెల్లంపల్లి నుంచి వచ్చినం" అన్నాడు బాపు.

ముసలామె చింతపండు పక్కకు పెట్టి నా దిక్కు ఎగాదిగా చూసింది.

"బెల్లంపల్లా? గా పోరి బెల్లంపల్లి కెల్లి ఎవలొచ్చినా ఉరుకుతుండె. మా వాడల దమ్ము పిల్ల ఉండె, ఎట్లుంది, బతికే ఉందా అని అడుగుతుండె. ఎవలకు ఎర్కుంటది? ఎవలూ చెప్పలే. అడిగి అడిగి ఊకున్నది."

బాపు నా భుజం మీద చెయ్యి వేసి, నన్ను ఒక అడుగు ముందుకు జరిపాడు.

"గీ పిల్లనే" అన్నాడు. "మంచిగున్నది. ఎన్నడన్న గా పిల్ల గిటు దిక్కు వస్తె చెప్పవ్వా. మంచిగున్నదని చెప్పు."

"చెప్త, ఎందుకు చెప్ప" అన్నది ఆమె. గిన్నెడు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. మేము తాగి, చాందాలో వాళ్లది ఏ ఊరో అడిగాము. ఆమెకు తెలియదు. చుట్టుపక్కల మరో ఇద్దర్ని పిలిచి అడిగింది. వాళ్లకూ తెలియదు.

ఆ ముసలామె ఆ తర్వాత ఎన్నాళ్లు ఉందో, ఆ పిల్ల ఎప్పుడైనా అటు వచ్చిందో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్లకూ నేను ఆమెను తలచుకునేది ఏదో మాట్లాడుకోవాలని కాదు. నేను బతికే ఉన్నానన్న కబురు ఆమెకు ఎవరన్నా చెప్పి ఉంటే బాగుండునని.